అద్దానికి పెట్టిన బొట్టు

ఆ రోజు వ్యాను దిగేటప్పుడు వీరబాబు చేతిలో సెల్లు లేకపోతే గొడవ అంత దూరం వెళ్ళేది కాదు.

కాలవగట్టు వారన పేతురు పడి ఉన్నాడు. సైకిలు ఒకవైపు, బస్తా ఒకవైపు. బస్తాలోంచి కొబ్బరికాయలు ఒక్కొక్కటే నీళ్ళలోకి దొర్లుతున్నాయి. పేతురు మోకాలు పట్టుకుని పళ్ళ బిగువున మూలుగుతున్నాడు. అంబులెన్సుకి ఫోను చేద్దామని వీరబాబు సెల్లు తీసి ఒక్క దూకు దూకాడు. చేలోంచి పరిగెత్తుకొచ్చిన వాళ్ళ కళ్ళకి ముందు కనబడింది ఆ సెల్లే.

"సెల్లు మాట్లాడుకుంటా తోలేడ్రా!"

"లేదండీ బాబూ, ఇప్పుడే తీసేనండీ! కావాలంటే ఇదిగో, చూడండి" అని వాడు చెయ్యి చాచేలోపు ఎవరో కాలరు పట్టుకున్నారు. ఆ తోపులాటలో సెల్లు కాస్తా కాలవలో పడింది.

మాట చిన్నదే గానీ, వీరబాబుకి అది అన్నం మీదకొచ్చిన మాట. వాడు తోలేది కాన్వెంటు పిల్లల్ని. సెల్లు చెవిన పెట్టుకుని తోలినట్టు తెలిస్తే ఆ రోజుతో సరి అని బడివాళ్ళు కాగితం మీద సంతకం కూడా పెట్టించుకున్నారు. రెండో శనివారం, బడికి సెలవు కాబట్టి వ్యానులో పిల్లలు లేరు. అదొక్కటే అదృష్టం. ఇంతలో గుంపుని తోసుకుంటూ సలోమి వచ్చింది. పేతురు కూతురు. ఆ కాన్వెంటులోనే లెక్కల టీచరు.

తండ్రి పక్కన కూర్చుని కాలు తడిమి చూసింది. తల ఎత్తి, "వీరబాబూ, నువ్వా?" అంది. ఆ ఒక్క మాటకే వాడి మొహంలో నెత్తురు లేదు.

ముందు సీట్లో కూర్చున్న నేను కిందికి దిగాను. "టీచరు గారూ, నేను చూసేనండీ. గేదె అడ్డమొచ్చింది."

"ఏదండీ ఆ గేదె?"

"కాలవలో దిగిపోయింది."

"తాతారావు గారి గేదె కదండీ, రెక్కలుంటాయి. ఎగిరిపోయుంటది" అన్నాడు గుంపులో అప్పలస్వామి. నా కబుర్లు చుట్టుపక్కల నాలుగూళ్ళకీ తెలుసు. సాక్ష్యానికి నాకంటే ఆ కాలవలో పడ్డ సెల్లే నయం.

అప్పుడు వీరబాబు గట్టిగా అరిచాడు. "అద్దం! బాబాయ్ గారూ, అద్దం ఉందండీ!"

అద్దమంటే మామూలు అద్దం కాదు. వీరబాబు బావ దుర్గాప్రసాద్ దుబాయి నుంచి సెలవు మీద వస్తూ తెచ్చాడు. డ్రైవరు వెనక్కి చూసుకునే అద్దమే. దాని వీపున కెమెరా, మొహాన ఒక మూల చిన్న తెర. పాత అద్దానికి రబ్బరు పట్టీలతో తగిలించాలి. ముందు జరిగేదంతా బొమ్మా మాటా రెండూ పట్టేస్తుంది, పడుతున్నంతసేపూ తెర మీద ఎర్ర చుక్క వెలుగుతుంది. "వారం రోజులు తోలి చూడు, మన రోడ్లకి పనికొస్తుందో లేదో" అన్నాడు దుర్గాప్రసాద్. పరీక్షాధికారిని నేను. చదివింది అయిదో క్లాసే అయినా పరీక్షలు పెట్టడానికి అంత చదువక్కరలేదు. అయిదు రోజులు తిరిగాను. వెనక వచ్చే బస్సులు విడ్డూరంగా బాగా కనిపిస్తున్నాయి. గోతుల్లో పడితే బొమ్మ చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. మధ్యాహ్నం ఎండకి తెర కనపడదు. మాట మాత్రం పొల్లుపోకుండా పడుతోంది. ఎంత బాగా అంటే, నా కబుర్లు రెండోసారి వినలేనని వీరబాబు దాని సౌండు పూర్తిగా తగ్గించేశాడు.

"చూపించండి మరి" అంది సలోమి.

వీరబాబు కాలరు ఇంకా ఎవరో పట్టుకునే ఉంటే ఆమే వ్యాను ఎక్కి మీటలు నొక్కింది. పదిమంది తలలు కిటికీల్లో దూరాయి. తెర మీద రోడ్డు లేదు, సైకిలు లేదు. అంతా ఎరుపు.

"చూసేరా! ముందే మూసేసేరు!" అని వెనక నుంచి ఎవరో వ్యానుని గుద్దారు. ఇంకెవరో, "పోలీసుల్ని పిలవండెహె" అన్నారు. వీరబాబు నా వంక చూశాడు.

మూసింది నేనే. పొద్దున్న అయినవిల్లి గుళ్ళో వ్యానుకి పూజ చేయించినప్పుడు పంతులుగారు, కొత్త వస్తువుకి కూడా బొట్టు పెట్టండన్నారు. అద్దానికి మొహం మీద పెడితే డ్రైవరుకి అడ్డం కదా అని, వెనకాల నల్లగా గుండ్రంగా ఉన్నది దాని నుదురు కాబోలు అనుకుని, గంధం రాసి కుంకం అద్దాను. పుణ్యానికి పోయి కెమెరా కన్ను పూడ్చేశాను.

ఇక దాచి లాభం లేదు. "ఆ బొట్టు నేనే పెట్టేనండీ. గేదె కూడా అబద్ధమేనండీ. వీరబాబు తల తిప్పింది నావల్ల. ఈ రేవులో నా పడవని కొర్రమీను లాక్కెళ్ళిన కబురు చెబుతూ, చూడమని భుజం పట్టుకుని లాగేను. వాడు అటు చూసేసరికి వ్యాను పేతురు మీదకి వంగింది. తోలేటప్పుడు సెల్లు వాడు ముట్టుకోనేలేదు."

గుంపంతా ఒక్కసారి గొల్లున నవ్వింది.

"ఇందాక గేదె, ఇప్పుడు చేప. తరవాత ఏనుగాండీ?"

డెబ్బై ఏళ్ళలో మనిషి ఒక్క నిజం చెబితే దాని గతి ఇదీ. "ఒట్టండీ, సలోమమ్మా" అన్నాను. ఆమె కళ్ళలో నీళ్ళు. "మా నాన్న ఇలా పడుంటే మీకు కథలాండీ?" అంది. మళ్ళీ తెర వైపు తిరిగి, ఏం తోచిందో, సౌండు మీట నొక్కుతూ పోయింది. ఎర్రటి తెరలోంచి నా గొంతు ఊడిపడింది.

"...పడవతో సహా ఎదురీదిందిరా! లాకుల దగ్గరోళ్ళు లాంచీ వస్తోందనుకుని తలుపులెత్తేసేరు! అదిగో, ఆ రేవే. చూడ్రా!"

"తోలుతున్నాను కదండీ, బాబాయ్ గారూ."

"ఒక్కసారి చూడ్రా, మొండోడా!"

సైకిలు గంట. బ్రేకు కీచుమన్న చప్పుడు. నీళ్ళలో కాయలు టపటపా పడడం. "అయ్యో, అంబులెన్సు, అంబులెన్సు" అని వీరబాబు గొంతు, తలుపు తీసిన శబ్దం.

కాలరు పట్టుకున్న చెయ్యి జారిపోయింది. అప్పలస్వామి తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

సలోమి వ్యాను దిగింది. "సెల్లు మాట్లాడలేదని బడిలో నేను చెబుతాను, వీరబాబూ. అలాగని తప్పు లేదనుకోకు. ఆయన చూడమంటే చూసేవు. రేపు పిల్లలు చూడమంటారు."

"ఆయ్, చూడనండీ. ఈ సారికి క్షమించండి."

"ముందు సీట్లో కబుర్లు చెప్పేవాళ్ళని ఎక్కించకు." అది నా వంక చూసి అన్నది.

నలుగురం పేతురుని ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టాం. కాలు నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సలోమి ముందు కూర్చుని, చీర చెంగు తడిపి బొట్టంతా శుభ్రంగా తుడిచింది. అమలాపురం ఆసుపత్రికి బయల్దేరాం. గోతులున్న చోట వీరబాబు వ్యానుని గాజు గిన్నెలా నడిపాడు. అద్దంలో నా మొహం కనబడింది, పక్కనే తెర మీద చిన్న ఎర్ర చుక్క వెలుగుతూ.

సగం దారిలో పేతురు నొప్పికి పళ్ళు బిగించి అడిగాడు. "తాతారావు గారండీ, ఆ లాకు తలుపులు నిజంగా ఎత్తేరాండీ?"

నోటి దాకా వచ్చింది. వీరబాబు మెడ బిగుసుకోవడం చూశాను. ఆ ఎర్ర చుక్క కూడా చూశాను.

"ఎత్తలేదు, పేతురూ" అన్నాను.

అదీ రికార్డయింది.