మూటలు కట్టని ఆదివారం

పెంటయ్య చేత వాళ్ళు పుస్తకాలు తొక్కించారు.

అబిడ్స్ పేవ్‌మెంట్ మీద, ఆదివారం పొద్దున పది గంటలకు. బండ్లు నిలపడానికి ఆ జాగా కావాలని పార్కింగ్ కాంట్రాక్టర్ రవికిరణ్ మనుషులు ట్యాంకర్ లారీ పైపుతో ఆయన పాత పుస్తకాలన్నీ తడిపేశారు. "తొక్కు ముసలోడా! నీ దుకాణం నువ్వే తొక్కు" అన్నారు. పెంటయ్య ఒక అడుగు వేసి, వంగి, తొక్కిన పుస్తకాన్ని తాకి కళ్ళకద్దుకున్నాడు. మళ్ళీ అడుగు. మళ్ళీ వంగడం. వాళ్ళు నవ్వుతూ ఫోన్లలో తీసుకున్నారు.

పుస్తకాలు అమ్మే మేం యాభైమందిమి అప్పుడెక్కడున్నాం? సందుల్లో, మూటలతో. మా అలవాటు అది. వాళ్ళ లారీ కనబడగానే ఎవరో ఈల వేస్తారు. పరిచిన దుప్పటి నాలుగు కొసలూ గుంజితే దుకాణం మూటవుతుంది. నెత్తిన పెట్టుకుని ఉరకడమే. ఎవరి మూట వాళ్ళది. పెంటయ్యకు కాలు కుంటి, అందుకని దొరికాడు. 'మన మూట బచాయింది' అనుకున్నాం. అనుకున్నామని ఒప్పుకోవాలి.

ఆ సాయంత్రం నాంపల్లి స్టేషన్ ఎదుటి సందులో కూడాం. మా పెద్దమనిషి బిచ్చయ్య ఎప్పటిలాగే, ఆగమన్నట్టు చేతులెత్తాడు.

"జర ఓపిక పట్టుండ్రి. రవికిరణ్ సారుతోని నేను మాట్లాడొస్త."

"పదేండ్ల సంది మాట్లాడుతనే ఉన్నవు గదనే," అంది పెంటయ్య పక్కన పుస్తకాలు పరిచే సమ్మక్క. "ఏం ముచ్చట? నీ బిడ్డను ఆయనింట్ల ఇస్తున్నవా ఏంది?"

జనం నవ్వారు. పెంటయ్య నవ్వలేదు.

అప్పుడు మనస్విని లేచింది. ఫిజిక్స్ ఎమ్మెస్సీ పిల్ల. కొనలేక, ప్రతి ఆదివారం సమ్మక్క దుప్పటి పక్కనే కూచుని చదివి వెళ్తుంది.

"యురేనియం పరమాణువు ఒకటి పగిలితే రెండు మూడు రేణువులు ఎగుర్తయి అక్కా. ముద్ద చిన్నదైతే అవి బయటికి పోతయి. ఏం కాదు. సరిపడా ముద్ద ఒక్కతాన ఉంటే, దెబ్బ పక్కదానికి తగిలి అది గూడ పగుల్తది. ఇగ ఆగదు."

"బాంబేస్తవా ఏంది బిడ్డా?" అన్నాడు పెంటయ్య.

"లేదు తాతా. కరెంటు గూడ గట్లనే తీస్తరు. జోరు ఎక్కువైతే నడుమ కడ్డీలు దించుతరు. దెబ్బ పక్కదానికి చేరకముందే కడ్డీ మింగుతది."

అందరూ బిచ్చయ్య వైపు చూశారు.

"నన్నేంది చూస్తున్రు?" అన్నాడతను.

మనస్విని గొంతు తగ్గించింది. "మనుషులు పరమాణువులు కారు. వాటికి భయముండదు, మీకుంటది. లెక్కగట్టి చెప్పుడు నాతోని కాదు."

"భయానికే గదా ఉరుకుతున్నం," అంది సమ్మక్క. "ఉరకనీకి రాకుంట చేసుకుందాం. దుప్పటికి దుప్పటి ముడేద్దాం."

మరుసటి ఆదివారం లారీ వచ్చింది. అలవాటు చొప్పున ఎవరో ఈల వేశారు. చేతులు కొసల మీదికి పోయాయి. కానీ ఆ కొసలు పక్కవాళ్ళ కొసలకు ముడిపడి ఉన్నాయి. బిచ్చయ్య ఒక్కడే తన ముడులు విప్పుకుని ఉరికాడు. అటూ ఇటూ ఉన్నవాళ్ళు దుప్పట్లు లాగి, ఆ ఖాళీ పూడ్చి, మళ్ళీ ముడేశారు.

పైపు మా అందరి మీదికీ తిరిగింది. పుస్తకాలు నానాయి. "విప్పుండ్రి!" అని రవికిరణ్ అరిచాడు. అతని మనుషులు వంగి గుంజారు. నూలుగుడ్డ ముడి తడిస్తే బిగుసుకుంటుంది. బట్టలుతికే ఏ ఆడదాన్నడిగినా చెప్తుంది. వాళ్ళ నీళ్ళే బిగించాయి.

ముడి మీదున్న సమ్మక్క వేళ్ళను బూటుతో తొక్కారు. విరిగిన చప్పుడు మాకు వినబడింది. ఆమె చెయ్యి తియ్యలేదు.

పెంటయ్యను రెక్క పట్టి లేపారు. "తొక్కు!"

"నేను తొక్క," అన్నాడు.

పైపు ఇనుప మూతితో తల మీద కొట్టారు. ఈసారి మేం సందుల్లో లేము. ఆయన చుట్టూ కూచున్నాం. పోలీసులు వచ్చి, కొట్టినవాళ్ళను వదిలి మమ్మల్ని, మాతో కూచున్న మనస్వినిని పట్టుకున్నారు. దుప్పట్లను కత్తులతో కోశారు. ముడులు మా పిడికిళ్ళలో ఉండిపోయాయి.

"లీడరెవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ముడి యాడ మొదలైందో నువ్వే ఎతుక్కో సారూ," అంది సమ్మక్క.

ఆ సాయంత్రమే పెంటయ్య దవాఖానలో పోయాడు. ఆయన శవాన్ని చూడనివ్వలేదు.

సోమవారం మమ్మల్ని కోర్టుకు తీసుకెళ్తుంటే నాంపల్లి స్టేషన్ ముందు వ్యాను ఆగింది. దారికి అడ్డంగా పండ్లబండ్లు, చక్రానికి చక్రం తాళ్ళతో కట్టి ఉన్నాయి. ఒకామె చెంబుతో ముడుల మీద నీళ్ళు పోస్తోంది. ముడెయ్యమని వాళ్ళకు మాలో ఎవరూ చెప్పలేదు.

సమ్మక్క కట్టు కట్టిన చేత్తో మనస్విని భుజం తట్టింది.

"పక్కదానికి తగిలిందే, పిల్లా."