గ్రేసీ సాక్ష్యం

ఆదివారం ఉదయం పదకొండున్నరకు, నాచారంలోని ఒక చర్చిలో, డిగ్రీ రెండో ఏడాది చదువుతున్న గ్రేసీ సాక్ష్యం చెప్పడానికి మైకు దగ్గరికి వెళ్లింది. ఆ ఉదయం ఆమె మందు వేసుకోలేదు. శుక్రవారం నుంచీ వేసుకోలేదు.

గోలీలు దాచింది తల్లి మరియమ్మ. ఆ చర్చిలో జబ్బు నయమైనవాళ్లు అందరి ముందు నిలబడి "పూర్తిగా స్వస్థత పొందాను" అని చెబుతారు. తర్వాత ఇంటివాళ్లు సంఘానికి భోజనం పెడతారు. వేసవిలో గ్రేసీ మంచం దిగనప్పుడు మరియమ్మ ఈ మొక్కు మొక్కింది. ఉప్పల్‌లో మానసిక వైద్యురాలికి చూపించింది కూడా ఆమే. దసరా సెలవుల్లో గ్రేసీ ఫోన్‌లో స్నేహితురాలితో మాట్లాడుతూ నవ్వింది. జబ్బు నయమైందనుకుని మరియమ్మ ఆ రోజే పాస్టరుకు చెప్పి, విందులో పెట్టే బగారన్నానికి బియ్యం తెచ్చింది.

"డాక్టరమ్మ ఆపమనలేదమ్మా," అన్నది గ్రేసీ శుక్రవారం.

"సాక్ష్యం జెప్పి గోలీలు మింగితే దేవునితోని అబద్ధమాడిపిచ్చినట్టు. నవ్వుతున్నవ్ గద, ఇంకేం రోగం?"

"కండ్లద్దాలు పెట్టుకుంటే నీకు మంచిగ కనవడుతది గద. ఇగ తీసేస్తవా?"

"నా కండ్లు చర్చిల సాక్ష్యం జెప్తలేవే."

వాదన అక్కడ ఆగింది. గ్రేసీ అల్మారా అంతా వెతికింది. గోలీలు దొరకలేదు. శనివారం మళ్లీ నిద్ర పట్టలేదు. వేసవిలో జబ్బు మొదలైంది అలాగే.

మైకు ముందు ఆమె ఇలా చెప్పింది: "దేవుడు నన్ను మంచిగ జేస్తున్నడు. డాక్టరమ్మతోని చేపిస్తున్నడు."

ఆడవాళ్ల చాపల మీద నుంచి మరియమ్మ మెల్లగా అన్నది: "పూర్తిగ అను బిడ్డా, పూర్తిగ."

"పూర్తిగ కాలేదమ్మా," అన్నది గ్రేసీ మైకులోనే. కొందరు నవ్వారు. "గోలీలు ఇంక వేసుకోవాలె. మా అమ్మ దాచిపెట్టింది. నాకు భయమైతుంది."

నవ్వు ఆగింది. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. పాస్టరు "ప్రార్థన చేద్దాం" అన్నాడు.

భోజనాల దగ్గర మరియమ్మ కూతురి వైపు చూడకుండా వడ్డించింది. కీబోర్డు వాయించే శాంసన్ పళ్లెం పట్టుకుని వచ్చాడు. యూత్ మీటింగుల్లో అందరినీ నవ్వించేది అతనే.

"ఆంటీ, ఆ డాక్టరమ్మ మొగపోరగాళ్లను గూడ సూస్తదా?"

"ఎవరికిరా?"

"నాకే."

"నీకా? నువ్వు మస్తు నవ్వుతవ్ గదరా!"

"నవ్వుతనే ఉంట ఆంటీ. ఇంటికి వోతే తినబుద్ధి గాదు, లేవబుద్ధి గాదు."

మరియమ్మ గరిటె గిన్నెలో పెట్టింది. బైబిలు సంచి తెరిచింది. గోలీలు చేతిరుమాలులో కట్టి అందులోనే ఉన్నాయి. ఆపిన గోలీలు మళ్లీ ఎలా వెయ్యాలో డాక్టరుకు ఫోన్ చేసి అడిగింది. తర్వాత ఒక గోలీ తీసి కూతురి పళ్లెం అంచున పెట్టింది.

"తిన్నంక వెయ్యమన్నది. ముందుగాల చికెన్ తిను. నీ సాక్ష్యానికని వండిన కూరనే ఇది."

గ్రేసీ తిన్నది. గోలీ వేసుకుంది.

సోమవారం సాయంత్రం నాచారం నుంచి ఉప్పల్ వెళ్లిన ఆటోలో వెనక సీట్లో ముగ్గురు కూర్చున్నారు: మరియమ్మ, గ్రేసీ, శాంసన్.