కలవని మూల

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ పెద్దలు హన్మకొండలో భానుచందర్ సార్ నడిపే కంప్యూటర్ సెంటర్‌కు ఒక్కసారి వచ్చి ఉంటే సగం మాట వెనక్కి తీసుకునేవారు. అక్కడ ఇల్లు కట్టడం ఒక మధ్యాహ్నం పని. మౌస్ పట్టుకుని ఇక్కడ ఒక నొక్కు, అక్కడ ఒక నొక్కు, తొమ్మిది అంగుళాల ఇటుక గోడ లేచి నిలబడుతుంది. ఇసుక లారీ రాలేదన్న గోల లేదు, కూలీలు పెళ్లికి పోయారన్న తిప్పలు లేవు. తలుపు తెచ్చి గోడ మీద పెడితే గోడ తనంతట తానే పక్కకు తప్పుకుని చోటిస్తుంది.

మొదటిరోజు అది చూసి మహెక్‌కు నవ్వాగలేదు. ఆమె తండ్రి ఫకీర్ మహమ్మద్ ముప్పై ఏళ్లుగా వరంగల్‌లో మేస్త్రి. అంత గోడ లేపడానికి ఆయనకు నాలుగు రోజులు పడుతుంది. పైగా తను సివిల్ డిప్లొమా చేసిన పిల్ల. చేపపిల్లకు ఈత నేర్పాలా అనుకుని సెంటర్‌లో చేరింది. మొదటి వారంలోనే ఆ చేపపిల్ల గుటకలు మింగింది. గీసిన గోడలు మాయమయ్యాయి. అరగంట వెతికితే అవి పై అంతస్తులో, కింద ఏ ఆసరా లేకుండా గాలిలో దొరికాయి. మెట్లు పెడితే, ఎక్కినవాడి తల స్లాబుకు తగిలేట్టు వచ్చాయి.

"ఇది బొమ్మ కాదమ్మా, ఇల్లే," అని భానుచందర్ సార్ రోజుకు పదిసార్లు చెప్పేవాడు. "ఉత్త గీతకు ఏం తెల్వది. గీ గోడకు మాత్రం అది గోడ అని తెలుసు. దేంతోని కట్టిండ్రు, ఎంత మందం, ఏ అంతస్తుది, అన్ని దాని కడుపులనే ఉంటయ్. దీన్నే బిమ్ అంటరు. ఒక్క కాడ మారిస్తే అన్ని కాడ్ల మారుతది."

సాయంత్రం ఖిలా వరంగల్‌లోని ఇంటికి వచ్చి, తను కట్టిన మొట్టమొదటి గదిని మహెక్ ఫోనులో తండ్రికి చూపించింది. ఫకీర్ సిమెంటు అంటిన చేతులు కడుక్కుని వచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని, బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మంచిగున్నది బేటా. పునాది ఏది?"

"ఇంక నేర్పలె అబ్బా."

"పునాది లేకుంట గోడలు నేర్పిండా మీ సారు? మరి నీళ్లెవలు కొడ్తాండ్రు గోడకు?"

గోడకు లోపల ఎంత మందం ప్లాస్టరింగ్, బయట ఎంత మందం అని మహెక్ ఆయనకే వివరించబోయింది. వంటింట్లోంచి తల్లి ఫాతిమా బేగం, "తాతకు దగ్గులు నేర్పుతానవా?" అని ఒక్క మాట విసిరింది. ముగ్గురూ నవ్వుకున్నారు. ఆ ఇంట్లో నవ్వుకు కరువు లేదు.

నెల తిరిగేసరికి నవ్వులాట కాస్తా పరీక్షగా మారింది. భానుచందర్ సార్‌కు సెంటర్‌తో పాటు డ్రాయింగ్ ఆఫీసు కూడా ఉంది. అందులో ఒక్క సీటు ఖాళీ అయింది. నేర్చుకునేవాళ్లు పన్నెండు మంది. "తలా ఒక ఇల్లు పట్టుకోండ్రి. నిజం ఇల్లు. కొలిచి మోడల్ చేయండ్రి. పది రోజులు టైం. శనివారం నేనే టేపు పట్టుకొని వస్త. మూడు కొలతలు కొలుస్త. నా టేపుతోని సరిపోయిన మోడల్‌కే సీటు," అన్నాడు.

ఆ సీటు రాకపోతే మహెక్ హైదరాబాద్ పోయి, ఏదో హాస్టల్‌లో పడి ఉండి ఉద్యోగం వెతుక్కోవాలి. ఆ మాట ఎత్తితేనే ఫకీర్‌కు అన్నం సయించదు. పైకి "పో బేటా, ఫికర్ జెయ్యకు" అంటాడు, పళ్లెంలో చెయ్యి మాత్రం ఆగిపోతుంది. మహెక్‌కు ఆయనను విడిచి పోవాలని అంతకన్నా లేదు.

అందుకే తనకు తెలిసిన ఇంటినే పట్టుకుంది. కొత్తవాడలో జంపఖానాలు నేసే లక్ష్మీనర్సమ్మ ఇల్లు. పదకొండేళ్ల కింద ఫకీర్ కట్టింది. చిన్నప్పుడు మహెక్ ఆ ఇసుక కుప్ప మీదే ఆడుకుంది. లక్ష్మీనర్సమ్మ మగ్గం ఆపి వచ్చి, టేపు రెండో కొస తనే పట్టుకుంది.

"మీ నాయన చేయంటే చేయే బిడ్డా," అంది గోడ తడుముతూ. "పదకొండేండ్లాయె, ఒక్క పగులు సుత రాలె. ఆయన కట్టిన గోడ, నేను నేసిన జంపఖాన, రెండు వంకర పోవు."

ఆ మాటకు మహెక్ మనసు నిండిపోయింది. మరునాడు సెంటర్‌లో కూర్చుని కొలతలు ఎక్కించింది. ఒక పక్క గోడ ఇరవై నాలుగు అడుగులు, దాని ఎదురు గోడ ఇరవై నాలుగు అడుగుల మూడు అంగుళాలు. వెనక గోడ ముప్పై, ముందు గోడ ముప్పై అడుగుల మూడు అంగుళాలు. నాలుగు గోడలూ గీస్తే మూడు మూలలు బుద్ధిగా కలిశాయి. నాలుగోది, స్క్రీన్ మీద పైన కుడిచేతి వైపు మూల, కలవలేదు. రెండు గోడలూ ఒకదాన్నొకటి దాటి మూడేసి అంగుళాలు బయటికి పొడుచుకొచ్చాయి.

టేపు సడలి ఉంటుందనుకుంది. మళ్లీ కొత్తవాడ పోయి కొలిచింది. అంతే వచ్చింది. మూడోసారి పోతే లక్ష్మీనర్సమ్మ, "ఇల్లేమన్న పెరుగుతాందా బిడ్డా?" అని నవ్వింది. మహెక్‌కు నవ్వు రాలేదు. తప్పు టేపుది కాదు, తనది కాదు. అబ్బాది.

మూలమట్టం పెట్టి చూసి, దారం కట్టి, గుండు వేలాడదీసి, నూలు పోగంత తేడా వచ్చినా ఇటుక ఊడదీయించే మనిషి. "ఫకీర్ మేస్త్రి మూల" అని తోటి మేస్త్రులు చెప్పుకునే మనిషి. ఆయన కట్టిన ఇల్లు మూడు అంగుళాలు వంకర! శనివారం పన్నెండు మంది ముందు సార్ టేపు పెడతాడు. "ఏ మేస్త్రి కట్టిండమ్మా గిది?" అని అడుగుతాడు. అప్పుడు తను ఏం చెప్పాలి? పోనీ ఇంటికి పోయి తండ్రినే అడుగుదామంటే నోరు రాలేదు. ఆ ముఖం చిన్నబోతే చూసే ధైర్యం ఆమెకు లేదు.

ఇల్లు మార్చుకునే వ్యవధి లేదు. మహెక్ ఒక పని చేసింది. మూడు అంగుళాలూ చెరిపేసింది. ఇరవై నాలుగు, ముప్పై. ఇరవై నాలుగు, ముప్పై. నాలుగు మూలలూ చక్కగా కలిశాయి. సార్ కొలిచే మూడు కొలతల్లో ఆ రెండు గోడలు లేకపోతే సరే. ఉంటే సీటు పోతుంది. పోనీ. తను తప్పు కొలిచిందని అందరూ అనుకుంటారు. అబ్బా తప్పు కట్టాడని మాత్రం ఎవరూ అనుకోరు. ప్రేమ ముదిరితే మనుషులు ఇలాంటి తెలివితక్కువ లెక్కలే వేస్తారు. వాళ్లను తిట్టడానికి నాకు నోరు రాదు.

శుక్రవారం జుమా నమాజు ముగించుకుని ఫకీర్ సెంటర్‌కు వచ్చాడు. తెల్లని లాల్చీ, చేతిలో టిఫిన్ డబ్బా. కూతురు పొద్దున తినకుండా వచ్చిందని ఫాతిమా బేగం పంపింది.

"అయిందా బేటా ఇల్లు? జర సూపియ్యి మరి."

కాదనలేక మహెక్ చూపించింది. ఫకీర్ చంటిపిల్లాడిలా సంబరపడ్డాడు. తను పెట్టిన వెంటిలేటర్లు, తను తిప్పిన మెట్లు, మగ్గం గదికి వెలుగు కావాలని పట్టుబట్టి పెట్టించిన పెద్ద కిటికీ, అన్నీ అందులో ఉన్నాయి. "వారెవ్వా! ఇటుక పెట్టకుంట ఇల్లు లేపినవ్ గదా!" అని పక్క సీటులోని అమ్మాయిని కూడా పిలిచి చూపించాడు. ఇంతలో మహెక్ చెయ్యి తగిలి ప్లాను తెరుచుకుంది. నాలుగు పక్కలా నాలుగు కొలతలు కనబడ్డాయి. ఫకీర్ కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. నవ్వు ఆగిపోయింది.

"ఇదెవలి ఇల్లు?"

"లక్ష్మీనర్సమ్మ పెద్దమ్మది అబ్బా."

"కాదు. నేను కట్టిన ఇల్లు గిది కాదు."

మహెక్ తల దించుకుంది. "మూడు ఇంచులు వంకరొచ్చింది అబ్బా. మూడుసార్లు కొలిచిన. అందరి ముందట నీ పేరు పోతదని సక్కగ చేసిన," అంది కళ్లనీళ్లతో.

ఫకీర్ పగలబడి నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"వంకర కాదే పిచ్చిదానా! అది ఈశాన్యం. పునాదికి ముగ్గు పోసేటప్పుడే ఆ మూలను జరంత బయటికి గుంజాలె. ఈశాన్యం పెరిగితే ఆ ఇల్లు మంచిగ పెరుగుతదంటరు. నా ఉస్తాద్ మొగిలి మేస్త్రి నేర్పిండు. పదారేండ్లకు ఆయన కాడ చేరిన."

"మనం నమ్ముతమా గిసొంటియి?"

"నమ్మేది ఇల్లుగలోల్లు, కట్టేది నేను. రేపు ఆ ఇంట్ల ఉండేది వాళ్లాయె. వాళ్ల మంచి నేను సూడొద్దా?"

"పెద్దమ్మ అడిగిందా?"

"ఎవ్వలడుగుతరు? చెప్పినమనుకో, ఇంకో రెండు ఇంచులు గుంజు అంటరు. పక్కింటోల్లతోని పంచాయితి అయితది. ప్లాను గీసేటోల్లు సుత గీయరు. చెప్పుడు లేదు, చేసుడే. కట్టిన ప్రతి ఇంటికి చేసిన."

డిప్లొమా చదివి, గోడ కడుపులో ఏముందో చెప్పే సాఫ్ట్‌వేర్ నేర్చి, కన్నతండ్రి చేతిలో ఏముందో తెలుసుకోలేకపోయినందుకు మహెక్‌కు తల కొట్టేసినట్టయింది. ఫకీర్‌కు అప్పుడు ఇంకో సంగతి తట్టింది.

"అయితే సారు టేపు పెడితే నువ్వు దొరుకుతవు గద?"

"దొరుకుత."

"సీటు పోతది గద?"

"పోతే పోనీ. నీ పనిని ఒకలు వంకరంటే వినుడు నాతోని కాదు అబ్బా."

ఫకీర్ ముఖం పక్కకు తిప్పుకుని, టిఫిన్ డబ్బా మూత తీయడానికి అవసరమైన దానికన్నా ఎక్కువ సేపు తీసుకున్నాడు. "ముందు అన్నం తిను," అన్నాడు చివరికి. "తిన్నంక నా మూడు ఇంచులు నాకియ్యి."

మూల గుంజడం అనుకున్నంత తేలిక కాలేదు. గోడలు కదిలాయి గానీ స్లాబు కదలనంది. స్లాబు దారికొస్తే పిట్టగోడ మొరాయించింది. హెచ్చరిక మీద హెచ్చరిక వచ్చి స్క్రీన్ నిండింది. "మీ కంప్యూటరుకు ఈశాన్యం అంటే పడదేమో," అంటూ ఫకీర్ సెంటర్ మూసేదాకా పక్కనే కూర్చున్నాడు. పిట్టగోడ రెండుసార్లు చెరిపి, మూడోసారి కట్టాక ఇల్లు కుదురుకుంది.

శనివారం భానుచందర్ సార్ ఇంటింటికీ తిరిగాడు, వెనక పన్నెండు మంది. మిగతా పదకొండు ఇళ్లూ మోడల్లో కొలబద్ద పెట్టి గీసినట్టు ఉన్నాయి. టేపు పెడితే ఒక్కటీ సరిపోలేదు. ఒకడు ఒక పక్కే కొలిచి ఎదుటి పక్క అంతే అనుకున్నాడు. ఇంకొకడు కలవని మూలను బలవంతాన కలిపాడు. కొత్తవాడ చేరేసరికి సార్‌కు విసుగొచ్చింది. ఉత్తరం గోడకు టేపు పెట్టాడు. ఇరవై నాలుగు అడుగుల మూడు అంగుళాలు. లాప్‌టాప్‌లోనూ అంతే. తూర్పు గోడ ముప్పై అడుగుల మూడు అంగుళాలు. అక్కడా అంతే. పడమర గోడ కొలిస్తే ముప్పై, మోడల్లోనూ ముప్పై.

"అంటే మేస్త్రి తప్పు చేస్తే దొరకబట్టినవ్ అన్నట్టు," అన్నాడు సార్.

"తప్పు కాదు సార్," అంది మహెక్. అందరూ వినేటట్టు అంది. "ఈశాన్యం. మా అబ్బా ఫకీర్ మహమ్మద్ కట్టిండు. కావాలనే పెంచిండు."

లక్ష్మీనర్సమ్మ, "మాకొక్కనాడు చెప్పలె గదా ఫకీరన్న!" అని పోయి ఆ మూల మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. తలా ఒక వైపు చూస్తున్న సెంటర్ పిల్లలు కూడా ఆ మూలను తేరిపార చూశారు.

సార్ టేపు చుట్టేశాడు. "సోమవారం నుంచి ఆఫీసుకు రా. కని ముందు ఒక పని చెయ్యి. రేపు ఇంకెవలో ఈ మోడల్ తెరుస్తరు. వంకర అనుకొని సక్కగ చేస్తరు. ఆ గోడ వివరాలల్ల కింద ఒక ఖాళీ డబ్బ ఉంటది. ఎందుకట్లున్నదో దాంట్ల రాయి."

మహెక్ అరుగు మీద కూర్చుని రాసింది. "ఈ మూల తప్పు కాదు. ఈశాన్యం మూడు అంగుళాలు పెంచి కట్టినది మేస్త్రి ఫకీర్ మహమ్మద్. సరిచేయవద్దు." ముప్పై ఏళ్లలో ఆయన కట్టిన ఏ ఇంటి మీదా ఆయన పేరు లేదు. ఇళ్లకు యజమానుల పేర్లుంటాయి గానీ మేస్త్రుల పేర్లెవరు చెక్కిస్తారు! ఆమె అక్కడినుంచే తండ్రికి ఫోన్ చేసింది. అవతల కాంక్రీటు కలిపే మిల్లర్ చప్పుడు.

"అబ్బా, సీటొచ్చింది!"

"అల్లా దయ!" అని ఫకీర్ అరిచాడు. పక్కవాళ్లకు కూడా చెప్పాడు కాబోలు, ఎవరో ఈల వేశారు. మహెక్ తను రాసింది చదివి వినిపించింది. అవతల మిల్లర్ తిరుగుతున్న చప్పుడే వినబడింది.

"అబ్బా, ఉన్నవా?"

"ఉన్న." అన్నాడు ఫకీర్. "ఆ డబ్బల ఇంక జాగ ఉన్నదా బేటా?"

"మస్తున్నది."

"అయితే నా పేరుకన్న ముందుగాల మొగిలి మేస్త్రి పేరు రాయి. ఆయన పేరు సుత యాడ లేదు."

మహెక్ కళ్లు తుడుచుకుని, తండ్రి పేరును కొంచెం పక్కకు జరిపి, మొగిలి మేస్త్రికి చోటిచ్చింది.