ఖాళీగా ఉన్న లైను

సినిమాలు పంచుకునే ఆ యాప్ ప్రకటనల మీద బతుకుతుందని మా భవనంలో అందరూ నమ్మేవారు. అందులో ఏ సినిమా కూడా ఒక్కచోట ఉండదు. దాని ముక్కలు వాడుకునేవారి ఇళ్ళలో, టీవీ పక్కనుండే చిన్న పెట్టెల్లో ఉంటాయి. ఒకరికి కావలసిన ముక్క మరొకరి ఇంటి నుంచి నేరుగా వస్తుంది. చందా లేదు. నడిపేవారికి తిండి ఎక్కడిదని ఎవరైనా అడిగితే, "ప్రకటనలొస్తాయి కదండీ" అనేవారు. ప్రశ్న అక్కడితో చచ్చిపోయేది.

మా కోడలు ఇంటి నుంచే ఒక బ్యాంకుకు పనిచేసేది. ఖాతా తెరిచేవారి గుర్తింపు కార్డు మీది ముఖాన్ని, వారు పంపిన ఫొటోతో పోల్చి చూడటం ఆమె పని. మా అబ్బాయి పనిచేసే ప్రెస్సు మూతపడ్డాక ఇల్లు ఆ జీతం మీదే నడుస్తోంది. ఒక ఉదయం కంప్యూటర్ ఆమెను లోపలికి రానివ్వలేదు. కాసేపటికి సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు.

"మీ ఇంటి ఇంటర్నెట్ నుంచే మన ఖాతాదారుల సొమ్ము లాగేశారమ్మా. సాయంత్రంలోగా కారణం చెప్పాలి. లేదంటే విషయం పోలీసులకు వెళ్తుంది."

ఆమె నా వైపు తిరిగింది. "నేనేమైనా పిచ్చిదాన్నా మామయ్యా? అన్నం పెట్టే బ్యాంకునే దోచుకుంటానా?"

ఇంట్లోని పరికరాలన్నీ ఆపేయించాను. గోడకున్న ఇంటర్నెట్ పెట్టె దీపం మిణుకుమంటూనే ఉంది. ఒక్కొక్క ప్లగ్గే పీకుతూ వచ్చాను. సినిమాల పెట్టె తీగ లాగగానే దీపం స్థిరపడింది. మళ్ళీ పెడితే మొదలైంది.

"సినిమా ముక్కలు పోతున్నాయిలే నాన్నా. పంచుకునే యాప్ కదా!" అన్నాడు మా అబ్బాయి.

"అందులో దాచినవన్నీ తుడిచెయ్యి."

తుడిచేశాడు. దీపం ఆగలేదు. ఇవ్వడానికి ముక్కే లేనప్పుడు పంచుకునేదేమిటి? మిగిలింది మా ఇంటర్నెట్ లైనొక్కటే. ఎవరో ఆ యాప్ వాళ్ళకు డబ్బు కట్టి మా లైను గుండా బయటికి పోతున్నారు. అవతలివారికి కనబడేది మా చిరునామా. అబ్బాయికి అదే చెప్పాను.

"ప్రకటనల డబ్బుండగా మన లైను అమ్ముకునే ఖర్మ వాళ్ళకేంటి?"

"నువ్వెప్పుడైనా ప్రకటన చూశావురా?"

"నేనా... నేను చూడలేదు. పైవాటా టైలర్‌గారు చూశారట."

టైలర్ మెట్ల మీదే ఎదురయ్యాడు. "నాకెప్పుడూ రాలేదండీ. నా మొహం చూసి వీడేం కొంటాడులే అనుకున్నారేమో! మీవాడు చెప్తేనే నాకు తెలిసింది."

సాయంత్రం కోడలు ఇదంతా సూపర్‌వైజర్‌కు వివరించింది. అతడు మధ్యలోనే అందుకున్నాడు.

"ఆ యాప్ మా ఇంట్లోనూ ఉందమ్మా. ప్రకటనల మీద నడిచేదానికి మీ లైను దేనికి? చెవిలో పువ్వులు పెట్టకండి."

"మీరు చూశారా సార్, ఆ ప్రకటనలు?"

"నాకు టీవీ ముందు కూర్చునే తీరికెక్కడిది? మా ఆవిడ చూసే ఉంటుంది." ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు పోలీసులు వచ్చి కోడలిని, ఆమె కంప్యూటర్‌ను తీసుకెళ్ళారు. అబ్బాయి చెప్పులు వేసుకోకుండానే వెంట పరిగెత్తాడు. నేను వాటా వాటాకూ వెళ్ళి, ప్రతి టీవీ ముందూ కూర్చుని, ఆ యాప్‌లో సినిమా పెట్టించి చివరిదాకా చూశాను.

అందులో ప్రకటనలు లేవు. ఒక్కటి కూడా లేదు.