చెరిసగం గోలీలు

పండరి కొడుకు భూమేశ్‌కు ఫిట్స్. పదో తరగతిలో పట్టుకున్న రోగం, అరక పట్టే వయసొచ్చినా వదల్లేదు. రోజూ గోలీ పడితే మనిషి మనిషిలా ఉంటాడు. పడకపోతే ఎప్పుడు ఎక్కడ విరుచుకుపడతాడో దేవుడికే తెలియాలి. నిజామాబాద్ డాక్టరు చీటీ రాసిచ్చి, జీవితాంతం వాడాలని తేలిగ్గా చెప్పేశాడు. చెప్పడానికి ఆయనకేం పోయింది? కొనేవాడికి కదా తెలిసేది.

బాన్సువాడ బస్టాండు దగ్గరి మెడికల్ షాపులో పండరికి లోక్యా తగిలాడు. తండా మనిషి. అతని భార్య గౌరీబాయికి కూడా అదే రోగం, అదే గోలీ. ఇద్దరూ ఒకేసారి చీటీలు చాపి, ధర విని, ఒకేసారి ముఖాలు వేలాడేశారు. షాపాయనకు జాలేసింది.

"నిజామాబాద్ హోల్‌సేల్ల పెద్ద డబ్బా తీస్కుంటే సగానికి సగం తక్కువ వడ్తది. కని విడిగ ఇయ్యరు" అన్నాడు.

పెద్ద డబ్బా కొనే తాహతు ఇద్దరిలో ఎవరికీ లేదు. పండరికి పొలముంది, నిజమే. కానీ తోలిన చెరుకుకు ఫ్యాక్టరీ బిల్లిచ్చినప్పుడు కదా పొలముందని చెప్పుకునేది! వేడినీళ్లకు చన్నీళ్లు తోడన్నట్టు ఇద్దరూ కలిశారు. ఒక నెల పండరి నిజామాబాద్ వెళ్లొస్తే మరో నెల లోక్యా. తెచ్చిన డబ్బాను బస్టాండు బెంచీ మీద విప్పి చెరిసగం పంచుకునేవారు. అన్నదమ్ములు కూడా అంత సజావుగా పంచుకోరు.

రెండేళ్లు అలా గడిచాయి. ఆ నెల మాత్రం లోక్యా రాలేదు. పండరి ఎదురుచూసి, ఎదురుచూసి, "చచ్చిండా ఏంది వీడు?" అని తిట్టుకుంటూ సైకిలెక్కి తండాకు పోయాడు.

లోక్యా గడపలో కూర్చుని ఉన్నాడు.

"కబురు వెట్టలేకపోయిన పటేలా. గౌరి పోయింది. బట్టలు పిండ పోయింది, కాలువ కాడ ఫిట్సొచ్చి నీళ్లల్ల వడ్డది. ఎవ్వలు జూడలే."

పండరి అక్కడే చతికిలబడ్డాడు. అతని మనసులో మొదట మెదిలింది గౌరీబాయి కాదు. ఇక సగం డబ్బా ఎవరు తీసుకుంటారనే ఆలోచన. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

లోక్యా లోపలికెళ్లి గుడ్డమూట తెచ్చాడు. దాని నిండా గోలీల షీట్లు.

"బియ్యం కుండల దొరికినయ్. దినం తప్పి దినం ఏస్కున్నదట. డబ్బా ఎక్కువ దినాలొస్తదని బిడ్డకు చెప్పిందట, నాకు చెప్పలే. నీ కొడుక్కన్న అక్కెరకొస్తయ్, తీస్కపో పటేలా."

వద్దనాల్సింది. అనలేదు. దారి పొడుగునా పండరి ఏడుస్తూనే సైకిలు తొక్కాడు. అయినా ఈ నెల గట్టెక్కిందన్న నిబ్బరం ఏడుపు వెనకాల ఉండనే ఉంది. పేదరికం మనిషిని ఎంతకు దిగజారుస్తుందో ఆ రోజు అతనికి తెలిసింది.

ఇంటికొచ్చి భార్య సత్యమ్మకు, కొడుకుకు జరిగిందంతా చెప్పాడు. సత్యమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. భూమేశ్ మూట విప్పి షీట్లు లెక్కపెట్టాడు.

"ఇవి ఒడిసినంక ఎట్ల బాపు? ఒక్కనివి డబ్బా తేలేవు గద."

"గా ఫికర్ నీకెందుకురా? నేను లేనా?"

"నేను సుత దినం తప్పి దినం ఏస్కుంట" అన్నాడు భూమేశ్. "కాలువ దిక్కు పోను, అంతే గద."

పండరి కొట్టడానికి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. వద్దురా అనడానికి అతనికి నోరు రాలేదు.