నేను వేసిన హాజరు

కోర్టు హాల్లో నేను ఉపాధ్యాయ సంఘం వైపు బెంచీ మీద కూర్చున్నాను. టీచర్ని, ఇంకెక్కడ కూర్చుంటాను? అవతలి బెంచీ మీద మా బడి పిల్లలు తొమ్మిదిమంది, ఇస్త్రీ చేసిన యూనిఫారాల్లో. పాఠం చెప్పని మాస్టర్లను కూడా తీసెయ్యడానికి వీల్లేని రూలు రద్దు చెయ్యాలని వాళ్ల పిటిషన్. రద్దయితే మా ఉద్యోగాలు గాల్లో దీపాలేనని మా సంఘం వాదన.

పిల్లల మాట అబద్ధమేం కాదు. మా సైన్సు మాస్టారు సంఘం ఆఫీసులోనే కాపురం పెట్టాడు. ల్యాబు తాళం తుప్పు పట్టిపోయింది.

వాళ్ల ముఖ్య సాక్షి మా పిచ్చుక. నా తరగతి పిల్లే; నోరు మూతపడదని ఆ పేరు పెట్టింది నేనే. బోనులో మాత్రం ముక్తసరిగా చెప్పింది.

"ఈ ఏడాది సైన్సు క్లాసులు పదకొండే జరిగాయండీ. నోటుబుక్కులో రాసుకున్నాను."

మా ప్లీడరు లేచాడు. ఒక చేతిలో నా హాజరు పట్టీ, ఇంకో చేతిలో ఆసుపత్రి కాగితాలు.

"నలభై రోజులు మీ అమ్మకి తోడుగా ఆసుపత్రిలో ఉన్నట్టు నీ సంతకాలున్నాయి. అవే రోజులు బడిలోనూ ఉన్నావు. ఎలాగమ్మా?"

ఆ నలభై హాజర్లూ నేను వేసినవే. తల్లికి ఆపరేషన్, చూసుకునే దిక్కు ఇంకెవరూ లేరు. హాజరు తగ్గితే పిల్లను పరీక్ష రాయనివ్వరు. కానీ దొంగ హాజరు వేశానని తెలిస్తే ఏ రూలూ నన్ను కాపాడదు.

పిచ్చుక నా వైపు చూసింది. నేను లేచి నిజం చెప్పాల్సింది. ఒళ్లో సంచీ సర్దుకుంటూ కూర్చున్నాను.

"టీచర్‌కి తెలీదండీ," అంది. "పేరు పిలిస్తే నా బదులు పక్కమ్మాయి పలికేది. నేనే పలకమన్నా."

"అంటే బడిని మోసం చేశావన్నమాట. ఇక నీ పదకొండు క్లాసుల లెక్క ఎవరు నమ్ముతారు?"

ఈ సాక్ష్యం నమ్మలేమని జడ్జిగారు ఆ సాయంత్రమే పిటిషన్ కొట్టేశారు.

"మీ పట్టీయే మనల్ని గట్టెక్కించింది మేడమ్," అంటూ సైన్సు మాస్టారు టీ గ్లాసు చేతిలో పెట్టాడు. సిగ్గులేకుండా తాగాను కూడా.

గేటు దగ్గర పిచ్చుకను ఆపాను. "ఎందుకే అలా చెప్పావు?"

"సైన్సు ఎలాగూ లేదు. మీరు కూడా పోతే లెక్కలెవరు చెప్తారు టీచర్?"

సోమవారం హెడ్‌మాస్టారు పట్టీ నా ముందు పెట్టి, ఆ నలభై రోజులూ దిద్దమన్నారు. ఒక్కో హాజరూ ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన సంతకం పెట్టాను. చివరిది కొట్టేసరికి, పరీక్ష రాయలేని వాళ్ల జాబితాలో పిచ్చుక చేరిపోయింది. ఆ సంగతి పిల్లకు అప్పటికే తెలుసు.

తరగతికి వెళ్లి పేర్లు పిలిచాను. తన వంతు రాగానే పిచ్చుక లేచి నిలబడి, ఎప్పట్లాగే గట్టిగా "ప్రెజెంట్ టీచర్" అంది.