కోడ్ చెప్పని మామగారు

ఆఫీసులో ఆమెను అందరూ తాళాలమ్మ అనేవాళ్ళు. పెద్దాసుపత్రిలో కంప్యూటర్లకు కాపలా కాయడం ఆమె ఉద్యోగం. ఎవరైనా తమ కంప్యూటర్ తెరిచిపెట్టి టీకి వెళ్ళారంటే, తిరిగొచ్చేసరికి తెర లాక్ చేసి, దాని మీద "తలుపు తీసిపెట్టి వెళ్ళారు" అని చీటీ అంటించి ఉండేది. ఆ పేరు పెట్టినవాళ్ళ మీద ఆమెకు కోపమేమీ లేదు. లోలోపల కాస్త ముచ్చట కూడా.

అంతటి తాళాలమ్మ మాట ఇంట్లో మాత్రం చెల్లేది కాదు. మామగారు రైలు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు. రిటైరైన డ్రైవర్ల సంఘానికి ఆయనే కార్యదర్శి. సభ్యుల చిరునామాలు, పింఛను కాగితాలు అన్నీ ముందుగదిలో కిటికీ పక్కనున్న ఆయన కంప్యూటర్లోనే. అది అప్‌డేట్ అడిగినప్పుడల్లా ఆయన దోమను తోలినట్టు తోసిపుచ్చేవారు.

"మామయ్యగారూ, అది ఊరికే అడగదండీ. ఎక్కడో కంత పడిందనీ, పూడ్చుకోవాలనీ అడుగుతుంది."

"బాగానే నడుస్తోంది కదమ్మా. నడిచేదాన్ని కెలకడం దేనికి?"

అలా కెలక్కుండానే ఉంచగా ఉంచగా ఒకరోజు ఆ కంప్యూటర్ నుంచి సంఘం సభ్యులందరికీ మెయిళ్ళు వెళ్ళాయి, మీకు బోనస్ మంజూరైంది, ఇక్కడ నొక్కండి అని. ఆయన పంపలేదు. అదృష్టం బాగుండి ఒక పాత డ్రైవరు ఫోన్ చేసి, "ఏమిటోయ్ ఈ బోనసు, నాకు నమ్మకం కుదరట్లేదు" అన్నాడు. కోడలు పరుగున వచ్చి ఇంటర్నెట్ తీగ పీకేసింది. ఆయన మొహం చిన్నబోయింది. సభ్యుల్లో ఒక్కొక్కరికీ ఫోన్ చేసి దాన్ని నొక్కొద్దని చెప్పుకున్నారు.

కంప్యూటర్ శుభ్రం చేస్తూ ఆమె దెప్పలేదు. ఒకటే అడిగింది.

"షెడ్డులోంచి ఇంజను తీసేముందు మీరు బ్రేకులు చూసుకునేవారా?"

"చూసుకోకుండా ఎలా తీస్తాను?"

"నిన్న బాగానే పట్టాయి కదా, మళ్ళీ ఇవాళెందుకు?"

ఆయన కుర్చీ దగ్గరగా లాక్కుని, "సరే, మొదట్నుంచి చెప్పు" అన్నారు.

చెప్పింది. ఆయన శ్రద్ధగా నేర్చుకున్నారు. అప్‌డేట్ వస్తే చేతిలో పని ఆపి మరీ చేయించేవారు. ఒక్కోదానికి ఒక్కో పాస్‌వర్డ్ పెట్టారు. సంఘం కాగితాలన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసి, తీగ పీకి, బీరువాలో పెట్టేవారు. ఏదైనా మెయిలు వస్తే పంపినవాళ్ళ చిరునామా అక్షరం అక్షరం చదివేవారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు వేరే ఊళ్ళోని శిక్షణ కేంద్రంలో ఆసుపత్రి సిబ్బందికి ఈ విషయాల మీదే పాఠం చెప్పమని ఆమెను పిలిచారు. తీరా ఆ పొద్దున మొహం కడుక్కుంటుంటే జేబులోని ఫోను జారి నీళ్ళ బకెట్లో పడింది. ఇక ఉలుకూ లేదు, పలుకూ లేదు. పాఠం తాలూకు బొమ్మలన్నీ మెయిల్లో ఉన్నాయి. హాల్లో కంప్యూటర్ మీద మెయిలు తెరవబోతే ఫోనుకొచ్చే కోడ్ అడిగింది. తన ఫోను పోతే అక్కరకొస్తుందని రెండో నంబరుగా మామగారిది ఇచ్చి ఉంది కనుక, కోడ్ అక్కడికి పంపించి, వేదిక మీది బల్లఫోన్ నుంచి ఆయనకు ఫోన్ చేసింది. ఆ ఫోను స్పీకర్లో తప్ప మాట్లాడదు. హాలంతా వింటోంది.

"మామయ్యగారూ, నేనే. నా ఫోను నీళ్ళలో పడింది. మీకిప్పుడే ఒక కోడ్ వచ్చి ఉంటుంది, కాస్త చదివి చెప్పండి."

అవతల కళ్ళజోడు పెట్టె తెరిచిన చప్పుడైంది.

"వచ్చింది. చెప్పను."

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"అయ్యో, నేనేనండీ. గొంతు గుర్తుపట్టలేదా?"

"గొంతు మా కోడలి గొంతులాగే ఉంది. ఈమధ్య గొంతులు కూడా తయారుచేస్తున్నారని మా కోడలే చెప్పింది. ఫోను పాడైందని, తొందరగా ఉందని ఎవరైనా కోడ్ అడిగితే, ఆఖరికి తనే అడిగినా, ఫోన్ పెట్టేయమంది."

"ఆ చెప్పింది నేనే కదండీ."

"నువ్వే అయితే మరీ మంచిది. ఎందుకు చెప్పనో నీకే తెలుస్తుంది. ఉంటానమ్మా."

పెట్టేశారు.

హాలు హాలంతా గొల్లున నవ్వింది. ఆమె చెవులు వేడెక్కాయి. ముందు కోపం వచ్చిన మాట నిజమే. కానీ అది గొంతు దాకా రాకముందే వేరే ఏదో పొంగి ఆమె గుండె నిండిపోయింది. తల తిప్పి అందరివైపూ చూసింది.

"విన్నారుగా. ఆయన మా మామగారు. ఇవాళ్టి పాఠం సగం ఆయనే చెప్పేశారు. మిగతా సగం నేను చెప్తాను."

బొమ్మల్లేకుండానే మొదలుపెట్టింది. ఎప్పుడూ వెనక వరసల్లో కునికేవాళ్ళు కూడా చేతులెత్తి ప్రశ్నలడిగారు. అలా సాగుతుండగా రిసెప్షన్ అమ్మాయి తలుపు తోసుకుని వచ్చింది.

"మేడమ్, మీ మామగారట. మన కేంద్రం నంబరు ఆయనే వెతికి పట్టుకుని లైన్లో ఉన్నారు. మీరు నిజంగా ఇక్కడున్నారా, మీ మోచేతి మీద కుట్ల మచ్చ ఉందా, చూసి చెప్పమంటున్నారు."

తాళాలమ్మ చొక్కా చెయ్యి పైకి మడిచి, మచ్చ చూపించింది. హాల్లో చప్పట్లు.

కౌంటర్ దగ్గరికెళ్ళి ఫోన్ అందుకుంది.

"అమ్మాయ్, నువ్వేనా? కోపమొచ్చిందా?"

"వచ్చింది. ఎంతసేపు ఉంటుంది లెండి."

"కోడ్ మాత్రం ఇప్పుడు కూడా చెప్పను. ఏ ఫైలు కావాలో చెప్పు, ఇక్కడి నీ కంప్యూటర్లోంచి అబ్బాయి చేత ఆ కేంద్రానికి పంపిస్తాను."

"ఏమీ వద్దండీ. పాఠం బ్రహ్మాండంగా సాగుతోంది."

సాయంత్రం వీడ్కోలు చెప్తూ కేంద్రం డైరెక్టరమ్మ, "ఆయనకు ఇవన్నీ ఎవరు నేర్పారు?" అని అడిగింది.

"నేనే" అంది ఆమె తల ఎత్తి. అని, ఒక్క క్షణం ఆగి, "చెప్పింది నేను. పట్టుకున్నది ఆయన" అని సరిదిద్దుకుంది.

ఆ వారమంతా ఆఫీసులో ఎదురుపడిన ప్రతివాళ్ళకీ ఈ సంగతి చెప్పింది. క్యాంటీన్లో పక్క సీటావిడ, "ఇది నిన్ననే చెప్పావు కదే" అంది.

"అయితే ఏం? నిన్న ఆయన గొంతు పెట్టి చెప్పలేదు" అని కుర్చీ జరుపుకుని కూర్చుని, మొదటి నుంచీ ఎత్తుకుంది.